అండర్‌గ్రౌండ్‌కి వెళ్లిన మాస్టారు

ఆరా వచ్చేసరికి యూనివర్సిటీలో మాస్టారి గది గొళ్లేనికి గుడ్డ చుట్టేశారు. పక్కన లక్క కరుగుతోంది.

"కాస్త ఆగండి. లక్క ఆరేలోపు నేను లెక్క చూసుకోవాలి" అంటూ తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

జీతాల పట్టీలో ఆయనకి వేరే పేరు ఉండే ఉంటుంది. జీతమిచ్చే గుమస్తా తప్ప ఆ పేరు వాడినవాళ్లు లేరు. ఆరా తీయడం ఆయన ఉద్యోగం, ఆరాటం ఆయన జబ్బు. రెండూ కలిసి పేరైపోయింది. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, నుంచుంటే జేబులో తాళంచెవులు ఆడతాయి. పోలీసు శాఖలో తప్పిపోయినవాళ్ల విభాగం ఆయనది. అక్కడ పనిచేసేవాళ్లే దారి తప్పి అక్కడికి వచ్చారని మిగతా విభాగాలవాళ్ల నమ్మకం.

లక్క కరిగిస్తున్నవాళ్ల వెనక నుంచి ప్రత్యేక దళం అధికారి మెల్లగా ముందుకొచ్చాడు. ఈయన్ని సీలు దొర అంటారు. సోదా చేసిన గదికి సీలు వేస్తే గానీ ఈ దొరకి ముద్ద దిగదు. శీలం మీద లేని నమ్మకం ఆయనకి సీలు మీద ఉంది. ఆరా, ఆయనా ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. అప్పట్నుంచీ ఒకరి కేసుకి ఒకరు అడ్డం పడుతూనే ఉన్నారు.

"నీకేం పని ఇక్కడ?" అన్నాడు సీలు దొర.

"మాస్టారి భార్య ఫిర్యాదు ఇచ్చారు. నిన్న మధ్యాహ్నం నుంచి మనిషి కనపడటం లేదట. తప్పిపోయాడు, నాకు తప్పుతుందా."

"తప్పిపోలేదు. తప్పించుకుపోయాడు. నీ శాఖ కాదు, నాది."

"రెండక్షరాలూ ఓ సున్నా తేడా."

"ఆ తేడాకే నాకు నీకంటే ఎక్కువ జీతం. నాలుగింటికి పత్రికలవాళ్లని పిలిచాను. మాస్టారు తీవ్రవాదులతో కలిశాడు, ఆయుధం ఉంది, ప్రమాదకరం అని చెప్పేస్తున్నా. తర్వాత మావాళ్లకి ఎక్కడ కనపడినా ఆగమంటారు. వాడు ఆగకపోతే వీళ్లు ఆగరు."

"ఆయనకి చెవుడండీ" అంది గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు. "ఆగమంటే వినపడదు."

మాస్టారి భార్య. బడిలో లెక్కలు చెప్పే మనిషి. రాత్రంతా నిద్ర లేదని కళ్లు చెబుతున్నాయి, అయినా కొంగు చెదరలేదు, మాట చెదరలేదు. ఆవిడ చేతిలో చిన్న గుడ్డసంచీ ఉంది. సంచీలో మంచుముక్కల మధ్య మాస్టారి ఇన్సులిన్.

"పూటపూటకీ సూది పడాలి. రెండు పూటలు పోయాయి. మూడోపూట కూడా పోతే మనిషి మంచం పడతారు, ఆపైన నేను అనలేను. మీ ఇద్దరిలో ఎవరు వెతుకుతారో తొందరగా తేల్చుకోండి."

"మందు లేకుండా వెళ్లాడంటే వేరే మందు దొరికే చోటికే వెళ్లాడు" అన్నాడు సీలు దొర. "తుపాకి మందు."

"మీకు మంద బుద్ధి అని ఎవరూ చెప్పలేదా అండీ" అంది ఆవిడ, లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి అడిగినట్టు.

ఆరా నవ్వు దాచుకోవడానికి బల్ల వైపు తిరిగాడు.

మాస్టారి పనే అపార్థాల పని. ఇస్లాంలో రాజ్యం గురించిన ఆలోచన ఎక్కడ పుట్టింది, ఏలికకి ఎంతవరకు తలొంచాలి, ఎక్కడ తిరగబడొచ్చు, ఆ పాత చర్చల్లోంచి నాలుగు ముక్కలు పీక్కుని తుపాకీ పట్టినవాళ్లు వాటికేం అర్థం చెప్పుకున్నారు, ఇదీ ఆయన పరిశోధన. ఆయన తాతగారు మసీదులో పాఠం చెప్పినాయన. మనవడు ఆ పాఠాన్ని తలకిందులు చేసేవాళ్ల మీద ఐదు పుస్తకాలు రాశాడు. దాంతో తుపాకీవాళ్లు ఈయన మతానికి బయటివాడని తీర్మానించి బెదిరింపులు పంపారు. ఇప్పుడు పోలీసులు ఈయన ఆ ముఠాకి లోపలివాడంటున్నారు. బయటా చోటు లేక, లోపలా చోటు లేక మనిషి ఎక్కడికి పోయినట్టు?

"సాక్ష్యం ఏముంది దొరా?"

సీలు దొర ఫోను తీసి మీట నొక్కాడు. దూరం నుంచి మాస్టారి గొంతు. కొంచెం పెద్ద గొంతు, చెవుడు ఉన్నవాళ్లందరిలాగే.

"తీర్పు దేవుడిది. ఆ హక్కుని మనిషి లాక్కున్నాడు. లాక్కున్నవాడు ఏలికైనా, వాడికి పన్ను కట్టే మన పక్కింటివాడైనా, ఇక మనవాడు కాడు. మనవాడు కానివాడి రక్తానికి మన దగ్గర లెక్క లేదు. ఇది తెలిసి కూడా ఇంకా కూర్చుని చదువుకునేవాడు పిరికివాడు."

వినడానికి ఒళ్లు జలదరించేంత నిజాయితీగా ఉంది. ఆ తర్వాత గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. అక్కడితో ఆగిపోయింది.

"ఇంకోసారి" అన్నాడు ఆరా. ఈసారి మాట మీద కాక మాట చుట్టూ చెవి పెట్టాడు. గొంతు దూరంగా ఉంది గానీ, మధ్యలో రెండుసార్లు కిర్రుమని ఏదో చాలా దగ్గరగా మోగింది. "ఎవరిచ్చారిది?"

"పేరు లేని శ్రేయోభిలాషి."

"పేరు లేనివాడికి శ్రేయస్సెందుకో."

"ఇంకోటి విను. ఆయన శిష్యురాలు నిన్ననే ఒప్పేసుకుంది. మీ మాస్టారు ఎక్కడమ్మా అంటే, ఏమాత్రం తడబడకుండా, అండర్‌గ్రౌండ్‌లో ఉంటారు సార్ అంది. అంత సూటిగా చెప్పాక ఇంకేం అడుగుతాం? అన్ని గదులకీ సీలు వేసి, మెయిన్ స్విచ్చి ఆపించేశా. ఇదొక్కటే మిగిలింది."

ఆరా గది చూడటం మొదలుపెట్టాడు. అది గదీ, తరగతీ రెండూనూ. పొడుగాటి బల్ల, చుట్టూ కుర్చీలు, గోడల నిండా పుస్తకాలు. బల్ల మీద మూత తీసిన చిన్న డబ్బా ఉంది. అందులో చెవి మిషను. బల్ల కింద బూట్లు, మేజోళ్లు లోపలికి కుక్కి. గోడకి రెండు కొక్కేలుంటే, ఒకదానికి గొడుగు వేలాడుతోంది. రెండోది ఖాళీ.

"ఇక్కడ ఏముండేదమ్మా?"

"స్వెట్టరు" అంది మాస్టారి భార్య. "నేనల్లిందే."

బయట ఎండ మండిపోతోంది. పోలీసుల చొక్కాలు వీపులకి అతుక్కుపోయాయి.

"కొండల్లో శిబిరాలున్నాయి" అన్నాడు సీలు దొర. "అక్కడ చలి. స్వెట్టరు అందుకే."

"అంటే దొరా, ఈయన యుద్ధానికి బయల్దేరాడు. స్వెట్టరు వేసుకున్నాడు, బూట్లు మర్చిపోయాడు. తుపాకి పట్టుకున్నాడు, చెవులు ఇక్కడే పెట్టాడు. కొండలెక్కుతున్నాడు, మందు ఇంట్లో పెట్టాడు. ఇలాంటి సైనికుడు దొరికితే శత్రువులు ఊరేగింపుగా తీసుకెళ్తారు."

"మారువేషం."

"వేషం సరే, ఆవేశం ఎక్కువైనట్టుంది నీకు." ఆరా మిషను డబ్బా మూత పెట్టి, ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు. "అమ్మా, ఇది ఎప్పుడు తీస్తారు?"

"చదివేటప్పుడు. ఇది లేకపోతే ఏకాగ్రత కుదురుతుందట. పక్కన పిడుగు పడ్డా తెలీదు. మనిషి మొహం మీద వెలుగు పడాలి, అప్పుడైతే పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. ఇంట్లో నేను తిట్టాలంటే దీపం వేసుకుని తిట్టాలి."

ఆరా మోకాలు ఆడటం మొదలైంది. చదువుకోవడానికి లేచిన మనిషి బూట్లు లేకుండా ఎంత దూరం పోతాడు?

మాస్టారి కింద పనిచేసే ఉపన్యాసకుణ్ణి పిలిపించాడు. నున్నగా గీసిన గడ్డం, బంగారు రంగు కళ్లజోడు. ఈయన్ని శాఖలో అందరూ ఫుట్‌నోట్ అంటారు. మాస్టారి ఐదు పుస్తకాల్లోనూ ఈయన పేరు ఉంది. ఐదింటిలోనూ పేజీ అడుగునే, చిన్నక్షరాల్లో. మాస్టారు దిగిపోతే శాఖాధిపతి కుర్చీ ఈయనదే అనుకుంటుండగా, మొన్ననే మాస్టారి పదవి మరో మూడేళ్లు పొడిగించారు.

"ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న భోజనాల వేళ సార్. ఏదో పరధ్యానంగా ఉన్నారు. ఈ మధ్య ఆయన ధోరణే మారిపోయింది. చెప్పడానికి బాధగా ఉంది."

"బాధగా ఉన్నా బాగా చెప్తున్నారు. తర్వాత?"

"తర్వాత దళంవాళ్లు వచ్చారు. అన్ని గదులూ నేనే దగ్గరుండి చూపించాను. ఎక్కడా లేరు."

"మీకు ఆయనంటే?"

"గురువు సార్." ఫుట్‌నోట్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "నేను ఆయన అడుగుజాడల్లో నడిచినవాణ్ణి."

"అడుగునే ఉండిపోయినవాళ్లు అని విన్నాను."

ఫుట్‌నోట్ నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాల అడుగునే ఆగిపోయింది. వెళ్లి గుమ్మానికి ఆనుకుని నుంచున్నాడు, వెళ్లమనే దాకా వెళ్లకూడదన్నంత వినయంగా.

శిష్యురాలు వచ్చింది. పరిశోధన చేస్తున్న పిల్ల, పాతికేళ్లు దాటవు. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. ఆరా నిలువుకాళ్ల మీద ఉండలేక దగ్గరున్న కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. కుర్చీ కిర్రుమంది.

ఆయన కదలకుండా ఉండిపోయాడు. మెల్లగా ముందుకు వంగాడు. కిర్రు. ఫోనులో విన్నదే. ఆ మాటల్ని రికార్డు చేసినవాడు ఇదే కుర్చీలో కూర్చుని చేశాడు. ఇది ఎవరి కుర్చీ అని అడగబోయాడు.

"నావల్లే సార్ ఇదంతా" అంది ఆ పిల్ల ఈలోగా. "నేనేం తప్పు చెప్పానో నాకు తెలీదు. దొరగారు అప్పట్నుంచీ నన్ను సాక్షి సాక్షి అంటున్నారు."

"ముందు ఈ మాటల సంగతి చెప్పమ్మా. మీ మాస్టారు నిజంగానే ఇవన్నీ అన్నారా?" ఆరా సైగ చేస్తే సీలు దొర మళ్లీ వినిపించాడు.

పిల్ల మొహంలో భయం పోయి కోపం వచ్చింది. "ఇది పూర్వపక్షం సార్."

"అంటే?"

"మాస్టారు ఎవరి వాదాన్నయినా ఖండించేముందు, వాళ్లకంటే బాగా వాళ్ల వాదం చెప్తారు. వాడే ఇక్కడ కూర్చుని ఉంటే, భేష్, నా మనసులో మాట చెప్పావు అనాలట. అప్పుడు గానీ కాదనే అర్హత రాదట. అంతా అయ్యాక నీళ్లు తాగి, గ్లాసు పెట్టి, ఇంతవరకు పూర్వపక్షం, ఇక నా మాట అంటారు. ఇందులో గ్లాసు దాకా ఉంచి తర్వాతది కోసేశారు."

"తర్వాత ఏమన్నారు?"

"ఇదే మాట ఎప్పుడో నాలుగో ఖలీఫా ముందు కొందరు అన్నారట సార్. తీర్పు దేవుడిదే, మధ్యలో మనుషులు కూర్చుని రాజీ చేయడమేంటి అని. ఆయన, మాట నిజమే, ఆ మాటతో చేయబోయే పనే అబద్ధం అన్నారట. మాస్టారు అక్కడ అందుకుని గంటసేపు ఒక్కో పోగూ విప్పేశారు. ఫలానావాడు మనవాడు కాదని ముద్ర వేయడాన్ని తక్ఫీర్ అంటారు సార్. మహామహా పండితులే ఆ ముద్ర చేత్తో పట్టుకోవడానికి భయపడ్డారు, తుపాకీ పట్టుకున్న ప్రతివాడూ దాన్ని జేబులో వేసుకు తిరిగితే ఎలా అని అడిగారు."

"విన్నావా దొరా? ఎదుటివాడి మీద సీలు వేయడం అన్నమాట."

"నాకు పాఠాలొద్దు" అన్నాడు సీలు దొర. కానీ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. "కోశారని రుజువేది?"

"పూర్తిది నా దగ్గరుంది" అంది పిల్ల. "ప్రతి పాఠం నేను రికార్డు చేసుకుని రాసుకుంటాను. హాస్టల్లో ఉంది."

గుమ్మం దగ్గర ఫుట్‌నోట్ కళ్లజోడు మరోసారి తుడుచుకున్నాడు.

"మరి ఆయన అండర్‌గ్రౌండ్‌కి వెళ్లారని నువ్వే చెప్పావటగా" అన్నాడు ఆరా.

"అవును సార్. రోజూ వెళ్తారు. భోజనం కాగానే వెళ్తారు. నేనూ వెళ్తాను అప్పుడప్పుడు."

"నువ్వూనా?"

"అక్కడైతే గొడవ ఉండదు సార్, చల్లగా ఉంటుంది. ఎంత ఎండాకాలమైనా స్వెట్టరు లేకుండా కూర్చోలేం. చెప్పులు మాత్రం పైనే వదలాలి. మట్టి పడితే మాస్టారు ఊరుకోరు, పాత కాయితాలు కదా."

ఆడుతున్న మోకాలు ఆగిపోయింది. ఆరా కుర్చీ కిర్రుమంటుండగా లేచాడు. "ఏ అండర్‌గ్రౌండ్ అమ్మా?"

"కింద పుస్తకాల కొట్టు సార్. నేలమాళిగ. మేం చదివేది అలాంటి ఉద్యమాల గురించి కదా, అందుకని మా శాఖలో అందరం దాన్ని అండర్‌గ్రౌండ్ అంటాం. ఎవరైనా అక్కడికెళ్తే, ఫలానావాడు అండర్‌గ్రౌండ్‌కి వెళ్లాడు అని జోకు." ఆ పిల్ల ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూసింది. "దొరగారు కూడా అదే అనుకున్నారనుకున్నా."

గదిలో ఎవరూ నవ్వలేదు. మాస్టారి భార్య చేతిలో సంచీలోని మంచుముక్కలు మాత్రం గలగలమన్నాయి.

"ఆ కొట్టు చూశావా?" ఆరా గొంతు బాగా తగ్గింది.

"ఇనప తలుపు. సీలు వేయించా" అన్నాడు సీలు దొర. "ఈయనే ముందు దిగి చూసొచ్చాడు."

అందరూ ఫుట్‌నోట్ వైపు తిరిగారు.

"చూశాను సార్. రెండుసార్లు గట్టిగా పిలిచాను కూడా. పలకలేదు."

"పిలిచారా? చెవిమిషను బల్ల మీద పెట్టి వెళ్లినాయన్ని?"

"కంగారులో తోచలేదు సార్."

"చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఎముక కొరుకుతున్నావా అన్నాట్ట. మీ మాస్టారికి ఆ మాత్రం కూడా తెలిసి ఉండదు." ఆరా అప్పటికే గుమ్మం దాటుతున్నాడు. మహిళా కానిస్టేబుల్ ఎదురైంది. "నువ్వు ఈ అమ్మాయిని హాస్టల్‌కి తీసుకెళ్లి ఆ రికార్డు పట్టుకురా. పక్కనే ఉండు, వదలొద్దు."

కుర్చీ ఎవరిదన్న ప్రశ్న నోటి చివర దాకా వచ్చింది. మెట్లు కనపడగానే కాళ్లు పరుగందుకున్నాయి. ఆరాటం ఆరాని మింగేసింది.

మెట్ల అడుగున మసక చీకటి. ఇనప తలుపు, అడ్డంగా గడియ, గడియకి తాళం, తాళం మీద ఎర్రటి సీలు కొత్తపెళ్లికూతురి బొట్టులా నిగనిగలాడుతోంది.

"చూడు. చెక్కుచెదరలేదు" అన్నాడు సీలు దొర, వగరుస్తూ. "లోపల మనిషుంటే అరిచేవాడు కాదా?"

"అరిస్తే ఎవరికి వినపడాలి? నువ్వు కాపలా పెట్టింది పైన. మధ్యలో ఇనుమూ, ఇన్ని పుస్తకాలూ. చెవుడు మాస్టారికొక్కడికే కాదు దొరా, ఈ కట్టడం మొత్తానికి ఉంది."

సీలు దొర తలుపుకి చెవి ఆనించాడు. లోపల ఎక్కడో దూరంగా, దబ్. కాసేపాగి మళ్లీ, దబ్.

ఆయన చటుక్కున వెనక్కి జరిగి పైకి కేక వేశాడు. "ఎవడో ఉన్నాడు. అందరూ కిందికి రండి. ఒక్కడు కూడా పైన ఉండొద్దు. తుపాకులు."

"ఉన్నది ఎవడో కాదు, ఆయనే."

"ఆయనే అయితే మరీ ప్రమాదం. నా దగ్గరున్న సమాచారం ప్రకారం ఆయుధం ఉంది."

"నీ సమాచారం ఒక గ్లాసు దగ్గర తెగిపోయిన సమాచారం." ఆరా గోడకున్న ఇనపకడ్డీ అందుకున్నాడు.

"సీలు పగలగొడితే నీ ఉద్యోగం పోతుంది."

"పోతే మంచిదే. నన్ను వెతికే పని నా విభాగానికే పడుతుంది."

రెండో దెబ్బకి లక్క రాలింది, నాలుగో దెబ్బకి తాళం. తలుపు తెరుచుకోగానే చల్లటి గాలి, పాత కాయితాల వాసన మొహానికి కొట్టాయి. లోపల కాటుకలాంటి చీకటి. మెట్ల నిండా దళంవాళ్లు నిలబడిపోయారు. తుపాకులన్నీ ఆ చీకటిలోకి చూస్తున్నాయి.

"చేతులు పైకెత్తి బయటికి రా" అన్నాడు సీలు దొర.

లోపల్నుంచి, కప్పు అదిరేంత పెద్ద గొంతు వచ్చింది.

"పేలిందా? మొత్తం పేలిపోయిందా?"

చీకట్లో తుపాకుల బోల్టులు లాగిన చప్పుడు వరసగా వినపడింది.

"విన్నావా?" అన్నాడు సీలు దొర. "తన నోటితోనే. ఆరా, అడ్డం లే."

ఆరా లేవలేదు సరికదా, గుమ్మానికి అడ్డంగా చేతులు బార్లా చాపాడు. "బల్బు దొరా, బల్బు. నువ్వు స్విచ్చి ఆపేస్తే బల్బు పేలిందేమో అని అడుగుతున్నాడు. నిన్నట్నుంచీ అదే అడుగుతున్నాడు. ఒక్క మాట తప్పుగా విని ఈ మనిషిని ఇక్కడ పూడ్చావు. రెండో మాట తప్పుగా వింటే నిజంగానే పూడ్చాలి."

తుపాకులు దిగలేదు, పేలలేదు కూడా. ఆ సందులో ఆరా టార్చి తీశాడు. లోపలికి వేయలేదు. మాస్టారి భార్య చెప్పింది గుర్తుంది. వెలుగు తన మొహం మీదే వేసుకుని, ఒక్కో అడుగూ వేస్తూ, చిన్నపిల్లలకి అక్షరాలు నేర్పినట్టు పెదాలు కదిపాడు.

"మాస్టారూ. మీ. ఇంటావిడ. వచ్చారు."

పుస్తకాల అరల మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు మాస్టారు. మెడదాకా గుండీలు పెట్టిన స్వెట్టరు, ఉత్త కాళ్లు. చేతిలో అట్ట ఊడిన లావాటి పుస్తకం, ఇనప అరని కొట్టి కొట్టి దాని మూలలు చితికిపోయాయి. నాలుక పిడచకట్టింది. ఊపిరి బరువుగా వస్తోంది, మిగల పండిన పండు వాసనతో. కళ్లు మాత్రం ఆరా పెదాల్ని వదలటం లేదు.

"దీపం వేసుకుని వచ్చిందా?" అన్నాడు, అంతే పెద్ద గొంతుతో. "అయితే తిట్టడానికే."

మెట్ల మీద ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. తుపాకులు ఒక్కొక్కటే దిగాయి. మాస్టారి భార్య దళాన్ని తోసుకుంటూ వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. వేలి నుంచి చుక్క నెత్తురు తీసి చూసింది, సూది వేసింది, అప్పుడు ఆయన భుజం మీద తల ఆనించి ఒక్క క్షణం ఉండిపోయింది. "ఆస్పత్రికి బండి చెప్పండి" అంది తలెత్తకుండానే. సీలు దొర తన నీళ్ల సీసా మూత తానే తీసి అందించాడు. ఎవరూ థాంక్స్ చెప్పలేదు, ఆయనా ఎదురుచూడలేదు.

ఆరా జేబులోంచి డబ్బా తీసి, మిషను మాస్టారి చెవిలో పెట్టాడు.

"హమ్మయ్య" అన్నాడు మాస్టారు, ఈసారి మామూలు గొంతుతో. "మీరు పిలిచినా నాకు వినపడలేదో, అసలు మీరు పిలవనే లేదో తెలీలేదు. తలుపు మాత్రం దీపం పోకముందే పడింది."

"ఏమిటీ?" అన్నాడు సీలు దొర.

"నాకు చప్పుడు తెలీదు గానీ అదురు తెలుస్తుందండీ. గడియ వేస్తే ఈ అరలన్నీ వణుకుతాయి. అప్పటికి దీపం వెలుగుతూనే ఉంది. లేచి తోశాను, రాలేదు. చాలాసేపటి తర్వాత దీపం పోయింది. రెండూ ఒకరి పని కాదు."

సీలు దొర మొహం పాలిపోయింది. "మేం వచ్చేసరికే గడియ వేసి ఉంది. లోపల చూసేశా, తాళం వేసుకోండి అన్నాడా లెక్చరర్."

తాళంచెవుల్లేని జేబులో కూడా ఆరా చెయ్యి ఆడుతోంది. "మాస్టారూ, పైన మీ గదిలో ఒక కుర్చీ కిర్రుమంటుంది. ఎవరిది?"

"ఫుట్‌నోట్‌ది. నూనె వేయించవయ్యా అని ఎన్నిసార్లు చెప్పానో. మిషను పెట్టుకుంటే ఆ కిర్రు నా పుర్రెలో గుచ్చుకుంటుంది. పాఠం మధ్యలో మరీనూ."

కుర్చీ కోసం చేసిన పనిని కుర్చీయే చెప్పింది. పైన అడిగి ఉంటే పైనే చెప్పేది. ఆరా గిర్రున వెనక్కి తిరిగాడు. మెట్ల మీద ఖాకీల మధ్య ఒక మొహం చూసి ఆయన కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

మహిళా కానిస్టేబుల్.

"నువ్విక్కడేం చేస్తున్నావు?"

"దొరగారు అందర్నీ కిందికి రమ్మన్నారు సార్. ఒక్కరు కూడా పైన ఉండొద్దన్నారు."

"మరి ఆ అమ్మాయి?"

"ఒక్కతే వెళ్లలేదు సార్" అంది కానిస్టేబుల్, తన జాగ్రత్త తెలియాలని. "ఆ కళ్లజోడు లెక్చరర్ గారు తోడు వెళ్లారు. హాస్టల్ దాకా నా స్కూటరు మీద దింపుతాను, రికార్డు నేనే తెచ్చిస్తాను అన్నారు."

మాస్టారి భార్య చేతిలో ఖాళీ సూది అలాగే ఉండిపోయింది. అరల మధ్య చల్లగాలి తిరుగుతోంది, ఒక్కరి ఊపిరీ కదలటం లేదు.

మాస్టారు అందరి మొహాలూ చూశాడు. చెవిలో మిషను తీసి, ఊది, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎవరూ మాట్లాడటం లేదా, నాకే వినపడటం లేదా?"